బొమ్మ హెలికాప్టరు - భద్రం



మన నేరేడుచర్ల పొలాల్లో మందు కొట్టే డ్రోన్లను చూస్తున్నాం. ఇప్పుడు పిల్లల చేతికి కూడా రిమోట్ హెలికాప్టర్లు వచ్చాయి. చూడడానికి అది బొమ్మే. కానీ తిరిగే రెక్క కత్తితో సమానం.

పోయిన సంక్రాంతికి మా మనవడు పార్కులో హెలికాప్టరు ఎగరేశాడు. గాలికి అది పక్కకు పోయి ఒక పాప చెంపకు తగిలింది. కంటికి రెండు వేళ్ల దూరం! కన్ను పోతే ఎవరు తెచ్చిస్తారు? తప్పు వాడిది కాదు. పక్కనే ఉండి చెప్పని నాది.

అందుకే ఈ మాటలు గుర్తుంచుకోండి.

జనం లేని చోటే ఎగరేయాలి. కంటికి కనబడేంత దూరంలోనే ఉంచాలి. గాలి పెరిగితే దించేయాలి. కరెంటు తీగల దగ్గరికి పోనివ్వొద్దు. తీగకు చిక్కితే కర్రతో లాగొద్దు. కరెంటోళ్లకు చెప్పాలి. బ్యాటరీ ఉబ్బితే మళ్లీ చార్జింగు పెట్టొద్దు. మంట లేవొచ్చు.

డ్రోన్లకు ప్రభుత్వం 2021లో నియమాలు చేసింది. 250 గ్రాముల లోపు డ్రోన్‌కు పైలట్ లైసెన్సు అక్కర్లేదు. లైసెన్సు లేకున్నా బాధ్యత మాత్రం మనదే.

బొమ్మ డబ్బా మీద ఎంత వయసు పిల్లలకో, ఏ జాగ్రత్తలు తీసుకోవాలో రాసి ఉంటుంది. ఇప్పుడు మనకు చదువొచ్చింది కదా! కొనేముందు చదవండి. పిల్లలకూ చదివి వినిపించండి.