పెనుకొండ కారు, ఛార్జింగు లెక్క

పెనుకొండ పక్కన ఎర్రమంచిలోని కియా ఫ్యాక్టరీలో తయారయ్యే కారెన్స్ క్లావిస్ విద్యుత్ కారు 2025 జూలైలో 17.99 లక్షల రూపాయల ప్రారంభ ధరతో అమ్మకానికి వచ్చింది. అదీ షోరూం ధర. బీమా, రిజిస్ట్రేషను వేరు. విద్యుత్ వాహనాలకు జీఎస్టీ 5 శాతమే అయినా, బ్యాటరీ ఖరీదు ధరను దిగనివ్వడం లేదు. మన గడ్డమీద తయారైన బండి ధర్మవరం నేతన్న ఇంటి ముందూ నిలవాలని నా కోరిక.

ఇక ఛార్జింగు సంగతికి వస్తే, హిందూపురం నుంచి ధర్మవరం వెళ్లొచ్చేవాళ్లకు రాత్రి ఇంట్లో పెట్టే ఛార్జింగే చాలు. ఫాస్ట్ ఛార్జింగు దూరప్రయాణాలకు. 100 కిలోవాట్ల యంత్రం దగ్గర 10 నుంచి 80 శాతానికి 39 నిమిషాలని కంపెనీ మాట. 30 కిలోవాట్లదైతే గంట పైనే! అందుకే ముందు యంత్రం మీద అంకె చూడండి. 80 శాతం దాటాక, బ్యాటరీ దెబ్బతినకుండా కరెంటు బాగా తగ్గిపోతుంది. వెనక ఇంకో బండి ఉంటే అక్కడితో ప్లగ్గు తీసేయండి.