పటములకు పైథాన్ పాఠము



పైథాన్ అనగానే కొండచిలువను తలచి జంకనక్కరలేదు. గైడో వాన్ రోసమ్ 1991లో వెలువరించిన ఈ కంప్యూటరు భాషకు ఆ పేరు ఒక బ్రిటిష్ హాస్య కార్యక్రమమునుండి వచ్చినది. దీని వ్యాకరణము స్వల్పము. పంక్తికి ముందు విడుచు ఖాళీకి సైతము అర్థము కలదు.

భౌగోళిక సమాచార వ్యవస్థకై దీనిని నేర్చువారు మొదట కొన్ని ఊళ్లను పటముపై చుక్కలుగా నిలుపుదురు. చిక్కు అచటనే. బడిలో అక్షాంశము ముందు, రేఖాంశము వెనుక చెప్పుట అలవాటు. జియోజేసన్ అను లేఖన పద్ధతిలో రేఖాంశమే ముందు. హైదరాబాదు అక్షాంశము సుమారు 17.4, రేఖాంశము 78.5. ఇవి తారుమారైనచో చార్మినారు ఉత్తరధ్రువమునకు చేరువనున్న స్పిట్స్‌బెర్గెన్ ద్వీపమున వెలయును! ఢిల్లీ బారెంట్స్ సముద్రమున మునుగును. గుమాస్తా పొరపాటును పై అధికారి దిద్దును. యంత్రము మాత్రము కిమ్మనదు. 90 లోపు ఏ సంఖ్యయైనను దానికి అక్షాంశమే. నవ్వి ఊరకుండరాదు. వరద సహాయ కేంద్రముల జాబితాకు ఇదే గతి పట్టినచో పడవలు ఎచటికి పోవును?

భారతదేశమంతయు 6, 38 అక్షాంశముల నడుమనే ఉన్నది. అక్షాంశము ఆ హద్దు దాటినదా అని ఒక పంక్తి, దాని క్రింద కొంచెము లోపలికి జరిపి, ఆ ఊరి పేరు చూపుమని మరియొక పంక్తి. మొదటినాడు నేర్వదగినవి ఆ రెండు పంక్తులే.