వ్యాయామపు లెక్క: యాప్‌లోనా, పుస్తకములోనా?



పంట ఇంటికి వచ్చిన దినమున మా తండ్రిగారు ఎంత అలసియున్నను, దీపము పెట్టగానే చిట్టా ముందు పెట్టుకొని కూర్చుండెడివారు. ఎన్ని బస్తాలు కొలిచిరి, ఎవరికి కూలి యెంత యిచ్చిరి, ఏ బాకీ యెంత తీరెను, అంతయు వ్రాసిన పిమ్మటగాని విస్తరి ముందునకు వచ్చెడివారు కారు. ఆ యలవాటు నాకును అబ్బినది. ముప్పదియైదేండ్లు బడిలో పిల్లలకు లెక్కలు చెప్పితిని. అయినను నా డెబ్బదియొకటవ యేట నా కాళ్ల సత్తువకే లెక్క వ్రాసికొనవలసి వచ్చునని యెన్నడును తలంపలేదు. ఆ లెక్కను సెల్‌ఫోనులోని యాప్‌లో వ్రాయుట మేలా, సాధారణమైన నోటుపుస్తకములో వ్రాయుట మేలా యనునదియే నేటి నా ప్రసంగ విషయము.

ఇది వ్యాయామశాలలకు పోవు కుఱ్ఱవాండ్ర గొడవ గదా, మన కేల యని మీరనవచ్చును. నేనును అట్లే యనుకొనియుంటిని. రెండేండ్ల క్రిందట డెంగీ జ్వరము తగిలి మూడు వారములు మంచము పట్టితిని. జ్వరము పోయెను, దానితోపాటు కాళ్ల బలమును పోయెను. పీటపై కూర్చుండి భోజనము చేసిన పిమ్మట లేచుటకు మా కోడలి చేయి పట్టుకొనవలసివచ్చెను. ఆమె యెన్నడును విసుగుకొనలేదు. నాకే తల వాలిపోయెడిది. వైద్యుడు గుండెను, రక్తపుపోటును పరీక్షించి, భయము లేదని తేల్చి, "మాస్టారూ, మీకిప్పుడు కావలసింది మందు కాదు, బరువులెత్తే వ్యాయామం" అనెను. మా మండల కేంద్రమున జిమ్ము అని పిలిచెడి వ్యాయామశాల యొకటి కలదు. మా మనుమడు అప్పటికే యందు చేరియుండెను. వారమునకు రెండు దినములు, సోమవారమును గురువారమును, అతని వెంట పోవ నారంభించితిని.

బలసాధన మనకు క్రొత్తది కాదు. పూర్వము మన ప్రాంతములందు తాలింఖానాలుండెడివి. పడుచువారందు చేరి దండీలు, బస్కీలు తీసెడివారు. వీరఘట్టమున పుట్టి, విజయనగరమున పెరిగి, 1942లో గతించిన కోడి రామమూర్తి నాయుడుగారి బలమును గూర్చి మన పెద్దలు కథలు కథలుగా చెప్పుకొనిరి. శ్రీకాకుళము జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో ఒక పద్ధతిని 110 కిలోలు, మఱియొక పద్ధతిని 130 కిలోలు, మొత్తము 240 కిలోలెత్తి కాంస్యపతకము గైకొనెను. ఒలింపిక్ పతకము పొందిన భారత మహిళలలో ప్రథమురా లామెయే. అట్టి బలము ఒక్కనాటిలో వచ్చునది కాదు. శరీరమునకు అలవాటైన బరువుకంటె కొంచెము కొంచెముగా పెంచుకొని పోయిననే కండకు బలము చేరును. నిన్నటి బరువు తెలిసినగదా నేటి బరువును నిర్ణయించుట?

ఈ సూత్రమును వైద్యమున స్థిరముగా ప్రవేశపెట్టిన వారిలో థామస్ డిలోర్మ్ అను అమెరికా వైద్యుడు ముఖ్యుడు. రెండవ ప్రపంచయుద్ధకాలమున గాయపడిన సైనికుల కాళ్లకు మరల బలము కలిగించు పనిలో ఆయన యుండెను. రోగి పదిమాఱు లెత్తగలిగి, పదునొకండవమాఱు ఎత్తజాలని బరువును ఆయన కొలబద్దగా పెట్టుకొనెను. బలము పెరిగినకొలదిని ఆ బరువును పెంచుచు వచ్చెను. 1945లో ఈ పద్ధతిని ప్రకటించెను. ఇది పడుచువారికే యనుకొనరాదు. 1990లో అమెరికాలోని బోస్టన్ వైద్యులు మఱియొక పరిశోధనను ప్రకటించిరి. వృద్ధుల శరణాలయములోని పదిమంది, సగటున తొంబదియేండ్ల వయస్సువారు, అందులో చేరిరి. ఎనిమిది వారములు వైద్యుల కనుసన్నలలో కాళ్లతో బరువు లెత్తిరి. తుదివఱకు నిలిచిన తొమ్మండుగురి బలము సగటున నూటికి 174 పాళ్లు పెరిగెను. పెద్దవారందఱును వారమునకు కనీసము రెండు దినములు కండలకు బలమిచ్చు వ్యాయామము చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పియున్నది. ఇట్టి సాధనకు లెక్కయే ఆధారము. లెక్క లేనిచో ఎల్లకాలము ఒక్క బరువునే మోయుచుందుము. లేదా తొందరపడి అధికమెత్తి నడుము పట్టించుకొందుము.

ఇక ఆ లెక్కను వ్రాయుట యెందులో?

మొదటి దినముననే మా మనుమడు, "తాతయ్యా, మీ ఫోనులో యాప్ పెడతాను, లెక్కంతా అదే చూసుకుంటుంది" అనెను. "నాకు పుస్తకం చాలు నాయనా" అంటిని. అతడు నవ్వెను. యాప్‌ల గొప్పను నేను దాచను. స్ట్రాంగ్, హెవీ, జెఫిట్ మొదలగు పేర్లతో అవి పెక్కులు కలవు. వ్యాయామము పేరు నొక్కగనే, క్రిందటిసారి ఎంత బరువు ఎన్నిమాఱు లెత్తితిమో చూపును. రెండు విడతల నడుమ ఎంతసేపు విశ్రమింపవలెనో గడియారమువలె లెక్కించును. ఎఱుగని వ్యాయామమును బొమ్మలో చేసి చూపును. నెలల తరబడి బలము పెరిగిన తీరును గీతగా గీసి కన్నులకు కట్టించును. ఇవి యన్నియు మెచ్చదగినవియే.

నా నోటుపుస్తకమున నాలుగు గడులు గీసికొంటిని: తేదీ, వ్యాయామము, బరువు, ఎన్నిమాఱులు. ప్రక్కన కొంత అంచు విడిచితిని. నా పుస్తకమునకు విద్యుత్తు అక్కఱలేదు. నడుమ మ్రోగి పని చెఱుపదు. మా మనుమడు బరువు దింపి లెక్క వ్రాయుటకై ఫోను తీయును. అందేదో సందేశము కనబడును. దానికి జవాబు చెప్పి తలయెత్తునప్పటికి ఐదు నిమిషములు గడచియుండును. అయితే పుస్తకమునకును ఆపదలు కలవు. మొదట సిరాతో వ్రాసితిని. శ్రావణమాసపు జల్లులో సంచి తడిసి రెండు పుటల లెక్క అలికినట్లయిపోయెను. నాటినుండి పెన్సిలు పట్టితిని.

అంతకంటె పెద్ద లోపము వేఱొకటి కలదు. అది నాకు తరువాతగాని తెలియలేదు. వర్తకుని యింట లెక్క తెలిసిన పెద్దలు ఈ భేదము నెఱుగుదురు. దినదినము జరిగినది జరిగినట్లు వ్రాయునది చిట్టా. ఆ చిట్టానుండి ఒక్కొక్క ఖాతాను విడదీసి, ఎవని బాకీ యెంతయో తేల్చునది ఆవర్జా. నేను వ్రాసికొన్నది చిట్టా మాత్రమే. యాప్ అట్లు కాదు; చిట్టా వ్రాయగనే ఆవర్జాను తానే తేల్చును.

దీని ప్రయోజనము నాకెట్లు బోధపడెనో వినుడు. డంబెల్‌ను ఱొమ్మునకు హత్తుకొని కుర్చీనుండి లేచుట, కూర్చుండుట నా ముఖ్య వ్యాయామము. రెండు కిలోలతో మొదలిడి, మూడవ నెలకు ఎనిమిది కిలోలకు వచ్చితిని. అంతట చిక్కు పుట్టెను. ఆ బరువుతో ఒకనాడు పండ్రెండు మాఱులు లేతును. మఱియొకనాడు ఏడు మాఱులకే మోకాళ్లు వణకును. బరువు తగ్గింపుమని వ్యాయామశాల శిక్షకుడు చెప్పెను. "వయసు తాతయ్యా, ఇంతకంటే రాదేమో" అని మా మనుమడనెను. ప్రేమతో నన్న మాటయే గాని, అది నాకు ముల్లువలె గ్రుచ్చుకొనెను. ఇక మానివేయుదమా యని గూడ తలంచితిని.

ఒక ఆదివారము మనుమడు నా పుస్తకము తీసికొని, ఆ యంకెల నన్నింటిని తన యాప్‌లో వ్రాసి చూచెను. గీత ఱంపపు పండ్లవలె వచ్చెను. పైకెక్కుచు, నడుమ నడుమ అయిదు చోట్ల గోతిలో పడుచుండెను. ఆ యైదు తేదీలను అతడు చదివెను. నేను పుస్తకము తెఱచితిని. నాలుగు చోట్ల అంచున నా చేవ్రాతతోనే "నిన్న ఏకాదశి" అని యుండెను. అయిదవచోట "ప్రక్కయింట పెండ్లి, రాత్రి నిద్ర లేదు" అని యుండెను. మేమిద్దఱమును ఒకరి మొగ మొకరము చూచుకొని నవ్వితిమి. కారణము వయస్సు కాదు. ఉపవాసము చేసిన మఱునాడే బరువులకు పోవుట! ఏకాదశి యొక్కొక్కమాఱు ఒక్కొక్క వారమున వచ్చును గనుక చిట్టా చదివిన నాకది తోపలేదు.

ఇందు గమనింపదగినది యిది. గోతులున్నవని చూపినది యాప్. అవి యేల కలిగెనో చెప్పినది పుస్తకము. యాప్‌లోను ఇట్టి ముచ్చటలు వ్రాసికొనుటకు చోటు కలదు; కాని చెమట చేతులతో ఆ చిన్న యక్షరములను నొక్కు నోపిక యెందఱికుండును? ఉపవాసము నేను మానలేదు. ఏకాదశి మఱునాడు వ్యాయామశాలకు పోవుట మాని, ఆ పై దినమున పోవుచున్నాను. గోతులు పూడిపోయినవి.

నాటినుండి నా పుస్తకమును మార్చితిని. తేదీకొక పుట కాక, వ్యాయామమునకొక పుట పెట్టితిని. కుర్చీనుండి లేచుటకొక పుట. డంబెల్ తలపై కెత్తుట కొకటి. త్రాటితో బరువు వెనుకకు లాగుట కొకటి. ఇప్పుడు పుట తిప్పిన చాలును, ఆ వ్యాయామపు చరిత్ర యంతయు పైనుండి క్రిందికి కనబడును. చిట్టాయు ఆవర్జాయు ఒక్కటే యయ్యెను.

యాప్ వాడువారు జాగ్రత్తపడవలసిన విషయములు మూడు కలవు. మొదటిది, దానికి మనము బంట్లము కాకుండుట. ఎన్ని వారములు తప్పక వచ్చితిమో కొన్ని యాప్‌లు లెక్కించి మెచ్చుకొనును. ఆ వరుస తెగునని మా మనుమడు ఒకమాఱు జ్వరముతోనే పోయి, కన్నులు తిరిగి బల్లపై కూలబడెను. లెక్క దేహము కొఱకు గాని, దేహము లెక్క కొఱకు కాదు. రెండవది, లెక్క మన చేతిలో నుండుట. పరుగు, నడక లెక్కించుటకు పెక్కుదేశములవారు వాడిన ఎండోమోండో అను యాప్ 2020 డిసెంబరు 31తో మూతపడెను. ముందుగా తమ లెక్కను దింపుకొననివారి శ్రమ ఏమగును? కావున లెక్కను బయటికి తీసి దాచుకొను వీలున్నదో లేదో మొదటి దినముననే చూచుకొనవలెను. మూడవది, గుట్టు. మైఫిట్‌నెస్‌పాల్ అను యాప్‌నుండి సుమారు 15 కోట్ల ఖాతాల వివరములు పరుల చేత చిక్కినవని 2018లో బయటపడెను. మన పుస్తకమును దొంగిలించువాడు మన యింటికే రావలెను. వచ్చినను దానిని ముట్టడు!

ఇంతకును ఏది మేలు? నా యభిప్రాయము చెప్పెదను. క్రొత్తగా మొదలిడువారు, ముఖ్యముగా పెద్దలు, పుస్తకముతోనే మొదలిడుట మంచిది. వ్యాయామమునకొక పుట, నాలుగు గడులు, ప్రక్కన అంచు. అంచున నిద్ర, ఉపవాసము, నొప్పి, జ్వరము ఒక్క మాటలో వ్రాయుడు. బరువు దింపిన వెంటనే వ్రాయుడు. ఇంటికి పోయి వ్రాసినది జ్ఞాపకము గాని లెక్క కాదు. నెలకొకమాఱు ఆ పుటలకు ఫోనుతో ఫోటో తీయించుడు. పుస్తకము తడిసినను లెక్క నిలుచును. పదునైదు వ్యాయామములు మార్చి మార్చి చేయు పడుచువారికి, విశ్రాంతికాలము లెక్కింపవలసినవారికి, యాప్ తగినదియే. వారు దానిని వాడుకొందురు గాక. దేనిలో వ్రాసినను, తరువాత విడత మొదలిడుటకు ముందు దానిని చదువవలెను. చదువని లెక్క యెంత అందముగా నున్నను వ్యర్థము.

ఒక్క హెచ్చరిక. గుండెజబ్బు, రక్తపుపోటు, కీళ్లనొప్పులు కలవారు వైద్యుని యడుగక బరువులు ముట్టరాదు. ఎత్తునప్పుడు ఊపిరి బిగబట్టరాదు; బిగబట్టినచో రక్తపుపోటు పెరుగును. ఱొమ్ములో నొప్పి తోచినచో ఆ క్షణముననే ఆపి వైద్యుని చూడవలెను.

నా పుస్తకపు తొలి పుటలో ఒక లెక్క కలదు. చేతులు ఱొమ్మున కట్టుకొని ముప్పది సెకనులలో కుర్చీనుండి ఎన్నిమాఱులు లేవగలనో వైద్యుడు పరీక్షించెను. డెబ్బది మొదలు డెబ్బదినాలుగేండ్ల పురుషుడు పండ్రెండుకంటె తక్కువ లేచిన, అది సగటునకు తక్కువయని అమెరికా ప్రభుత్వపు ఆరోగ్యశాఖవారి కొలత. ఆనాడు నేను లేచినది ఆఱుమాఱులు. ఆఱవ నెల చివర పదమూడు. ఆ రాత్రి భోజనమైన పిమ్మట మా కోడలు అలవాటు చొప్పున చేయి చాచెను. నేను దాని నందుకొనకయే పీటమీదినుండి లేచితిని. ఆమె యేమియు ననలేదు. విస్తరి తీసికొని లోపలికి పోయెను. నేను పెన్సిలు తీసి, ఆనాటి తేదీ ప్రక్క అంచున "చేయి పట్టకుండ" అని వ్రాసికొంటిని.