మిల్లు పరేల్‌లో, ఇల్లు వాంగణీలో
(వర్లీలో జరిగిన తెలుగు మిల్లు కార్మికుల సర్వసభ్య సమావేశంలో ఇళ్ల సమస్యపై చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, పెద్దలకు, భివండీ నుంచి సాంచాలు ఆపుకొని వచ్చిన తమ్ముళ్లకు, పోయిన భర్తల కాగితాలు సంచుల్లో పెట్టుకొని పొద్దున్నే వచ్చి కూర్చున్న అమ్మలకు, అక్కలకు నమస్కారం.

నన్ను ఇళ్ల సంగతి మాట్లాడమన్నారు. నేను వీవింగ్ ఖాతాలో పనిచేసినవాణ్ణి. ఉపన్యాసం కంటే లెక్క చెప్పడం నాకు తేలిక. అందుకని ముందు లెక్కే చెబుతాను.

మిల్లు కార్మికులూ వారి వారసులూ ఇళ్ల కోసం పెట్టిన దరఖాస్తులు సుమారు లక్షా 75 వేలు. 2012 జూన్‌లో మొదటి లాటరీ తీశారు, 6,925 ఇళ్లు. 2016 మే నెలలో 2,634. అదే ఏడాది డిసెంబర్‌లో పన్వేల్ దగ్గర కోన్ అనే చోట 2,417. 2020 మార్చిలో బాంబే డైయింగ్, శ్రీనివాస్ మిల్లుల జాగాలో 3,894. అన్నీ కూడితే 15,870. అంటే పదిమంది దరఖాస్తుదారుల్లో ఒక్కరికి కూడా పూర్తిగా అందలేదు. అందినవాళ్లలోనూ చాలామందికి అందింది 225 చదరపు అడుగుల గది. అందులో నాలుగు సాంచాలు పెడితే జాబర్ తిరగడానికి దారి ఉండదు. కోన్‌లో లాటరీ తగిలినవారికైతే తాళం చేతికి రావడానికే ఏళ్లు పట్టింది. మధ్యలో 2020లో ఆ ఇళ్లను కరోనా క్వారంటైన్‌కు వాడుకున్నారు. తలుపులూ నల్లాలూ ఊడిపోయిన ఇంటికి డబ్బు కట్టమంటే ఎవరికి మనసొప్పుతుంది?

ఇళ్లు ఎందుకు తక్కువయ్యాయని అడిగితే ముంబయిలో భూమి లేదంటారు. ఇది నమ్మేవాళ్లు నమ్మవచ్చు. మనం మాత్రం నమ్మకూడదు, ఎందుకంటే ఆ భూమి మీద నడిచినవాళ్లం మనమే. భాయ్‌ఖలా నుంచి దాదర్ దాకా, ఇటు వర్లీ దాకా సుమారు 600 ఎకరాలు మిల్లుల కింద ఉండేవి. 1982 జనవరి 18న సమ్మె మొదలైనప్పుడు ఆ మిల్లుల్లో పనిచేసేవాళ్లం సుమారు రెండున్నర లక్షల మందిమి. ఆ సమ్మెను విరమిస్తున్నామని ఈనాటికీ ఎవరూ ప్రకటించలేదు. సమ్మె అలాగే ఉంది, మిల్లులే పోయాయి.

మిల్లు భూమి పరిశ్రమ కోసం ఉంచిన భూమి. దాన్ని యజమాని ఇష్టం వచ్చినట్టు అమ్ముకోవడానికి వీలుండేది కాదు. 1991లో నగర అభివృద్ధి నిబంధనల్లో 58వ నిబంధన తెచ్చి దారి తెరిచారు. కానీ ఒక షరతు పెట్టారు. భూమిని ఇంచుమించు మూడు వాటాలు చేసి, ఒకటి పార్కులకూ మైదానాలకూ మునిసిపల్ కార్పొరేషన్‌కు, ఒకటి ప్రజల ఇళ్లకు మ్హాడాకు ఇవ్వాలి, మూడోది యజమాని ఉంచుకోవాలి. ఇది మనకు ఎవరో వేసిన దానం కాదు. వాడుక మార్చి లాభం చేసుకుంటున్నందుకు నగరానికి కట్టవలసిన మూల్యం. 1996లో వాస్తుశిల్పి చార్లెస్ కొరియా అధ్యక్షతన వేసిన కమిటీ కూడా ఈ భూములను ముక్కలు ముక్కలుగా కాకుండా కలిపి ఒకే ప్రణాళికగా చూడాలని చెప్పింది. ఆ నివేదిక బీరువాలోకి పోయింది.

తర్వాత 2001లో ఏం జరిగిందో మన పిల్లలకు తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే మన ఇల్లు పోయింది అక్కడే. నిబంధన సవరించారు. మూడు వాటాలు అన్న మాట తీసెయ్యలేదు. తీసేస్తే గొడవ అవుతుందని తెలుసు. మొత్తం భూమిని కాదు, ఖాళీగా ఉన్న భూమిని మాత్రమే పంచితే చాలన్నారు. మిల్లులో ఖాళీ జాగా ఎంత ఉంటుంది? గేటు దగ్గర కొంత, గోడౌన్ వెనక కొంత, చిమ్నీ చుట్టూ కొంత. మిగతాదంతా షెడ్లే కదా! షెడ్డు ఉన్న భూమి ఖాళీ భూమి కాదు. మరి ఆ షెడ్డును కూలగొట్టిన తర్వాత? అప్పుడూ లెక్కలోకి రాదన్నారు. 2005 అక్టోబర్‌లో బొంబాయి హైకోర్టు ఇది చెల్లదంది. షెడ్డు కూలిన తర్వాత మిగిలేదీ ఖాళీ భూమే అని తీర్పు ఇచ్చింది. 2006 మార్చిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసి, 2001 సవరణను నిలబెట్టింది. మనం ఇరవై ముప్ఫై ఏళ్లు నిలబడి పనిచేసిన నేల ఖాళీ కాదు గనుక అందులో మనకు వాటా లేదట. కోర్టు తీర్పు కోర్టు తీర్పే, కాదనను. కానీ నిబంధన రాసింది కోర్టు కాదు, మనం ఓట్లు వేసిన ప్రభుత్వం.

ఈలోగా అమ్మకాలు ఆగలేదు. 2005లో నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ తన మిల్లులను వేలం వేస్తే ముంబయి టెక్స్‌టైల్ మిల్లు ఒక్కటే 702 కోట్లకు పోయింది, కోహినూర్ మూడో నంబర్ మిల్లు 421 కోట్లకు. అంత డబ్బు మనలో ఎవరూ చూడలేదు, సరే. అసలు నష్టం వాటాలోంచి పోయిన పార్కులది, దారులది. దాని ఫలితం మన ఒక్కరికే కాదు, ఊరందరికీ తగిలింది. మిల్లుల కాలంలో మనం చాళ్ల నుంచి నడిచి పనికి వెళ్లేవాళ్లం. భోంగా మోగితే అయిదు నిమిషాల్లో గేటు దగ్గర ఉండేవాళ్లం. ఇప్పుడు అదే జాగాలో పనిచేసేవాళ్లు లక్షలమంది రైలు దిగి వస్తున్నారు. పాత వంతెనలే, పాత మెట్లే. 2017 సెప్టెంబర్ 29 పొద్దున వాన పడుతుంటే ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్ వంతెన మీద తొక్కిసలాటలో 23 మంది చనిపోయారు. ఆ తర్వాత 2018లో స్టేషన్ పేరు ప్రభాదేవి అని మార్చారు. పేరు మార్చడం త్వరగానే అయింది. అదే 2017 డిసెంబర్ చివర్లో కమలా మిల్లు కాంపౌండ్‌లో హోటళ్లు మంటలంటుకొని 14 మంది పోయారు. లోయర్ పరేల్‌లో డిలైల్ రోడ్ వంతెన సంగతి మీకు నేను చెప్పాలా? 2018 జూలైలో మూశారు, పూర్తిగా తెరిచింది 2023 నవంబర్‌లో. ఒక వంతెనకు అయిదేళ్లు! టవర్లు మాత్రం అంతకంటే వేగంగానే లేచాయి.

ఇప్పుడు అసలు సంగతి. మిగిలిన మనందరికీ ముంబయిలో జాగా లేదు గనుక శేలూ, వాంగణీలలో కట్టిస్తామంటున్నారు. సుమారు 81 వేల ఇళ్లు అంటున్నారు. కల్యాణ్ దాటి, అంబర్‌నాథ్ దాటి, బద్లాపూర్ కూడా దాటితే వాంగణీ, తర్వాత శేలూ, ఆపైన నేరళ్. లోకల్‌లో కూర్చునే చోటు దొరికితే పరేల్‌కు రెండు గంటలు. దొరకదు. 2019 జూలై 27న మహాలక్ష్మి ఎక్స్‌ప్రెస్ వరద నీళ్లలో చిక్కుకొని వెయ్యిమందికి పైగా ప్రయాణికులను పడవల్లో తేవలసి వచ్చింది. అది బద్లాపూర్‌కూ వాంగణీకీ మధ్యనే.

మనలోనే కొందరు అంటారు, ఎంత దూరమైతే ఏమిటి, సొంత ఇల్లు కదా, ఇచ్చింది పుచ్చుకుందాం అని. ఆ మాట అన్నవాళ్లను నేను తప్పు పట్టను. కల్యాణ్‌లో, భివండీలో స్థిరపడినవాళ్లకు వాంగణీ అంత దూరం కాదు. పింఛను రోజులు లెక్కపెడుతున్న పెద్దాయనకు గాలి బాగుంటుందేమో కూడా. ఇష్టమైనవాళ్లు తీసుకోనివ్వండి. కానీ ఇల్లంటే నాలుగు గోడలేనా? లోయర్ పరేల్ టవర్లలో వంటపనికీ ఇంటిపనికీ పోయే మన అక్క పొద్దున ఏడింటికి తలుపు తట్టాలి. వాంగణీ నుంచి ఏ బండి ఎక్కి వస్తుంది? దూది ధూళి పీల్చి పీల్చి దగ్గు పట్టిన మనిషి పరేల్‌లో కె.ఇ.ఎం. ఆసుపత్రికి నెలకు రెండుసార్లు పోవాలి. తోడు ఎవరు పోతారు, ఆ రోజు కూలి ఎవరిస్తారు? మునిసిపల్ తెలుగు మీడియం బడులు ముంబయిలో ఇంకా నడుస్తున్నాయంటే మనవాళ్లు ఒకచోట ఉన్నారు గనుకనే. మనల్ని తలో దిక్కు విసిరేస్తే పిల్లలు రాని బడిని మూయడానికి ఎవరూ ఉత్తర్వు కూడా రాయనక్కరలేదు. ఈ ఖర్చులేవీ వాళ్ల లెక్కలో లేవు. ఇల్లు చవకగా కనిపిస్తున్నదంటే కారణం మిగతా ధర మన కాళ్ల మీదా, మన ఆడవాళ్ల నిద్ర మీదా వేశారు. పైగా ఆ ఇంటికి తొమ్మిదిన్నర లక్షలు కట్టాలట. ప్రావిడెంట్ ఫండ్ పథకంలో కనీస పింఛను నెలకు 1,000 రూపాయలని 2014లో నిర్ణయించారు. దాంతో అప్పు వాయిదా కట్టమంటారా, సొసైటీ మెయింటెనెన్స్ కట్టమంటారా, రైలు పాసు కొనమంటారా?

అన్నిటికంటే అన్యాయం ఇంకొకటి ఉంది. 2024 మార్చి ప్రభుత్వ ఉత్తర్వులో 17వ షరతు పెట్టారు. శేలూ, వాంగణీ ఇల్లు వద్దన్నవాళ్లకు ఇక ఇంటి హక్కే ఉండదని దాని భావం. అంటే మొదట ముంబయిలో వాటా తగ్గించారు, తర్వాత దూరంగా ఇస్తామన్నారు, ఆ తర్వాత వద్దంటే పేరు కొట్టేస్తామన్నారు. 2025 జూలై 9న ఆజాద్ మైదానంలో మిల్లు కార్మికుల సంఘాలన్నీ కలిసి కూర్చున్నది దీని మీదే. వానలో ఎనభై ఏళ్ల ముసలమ్మలు ప్లాస్టిక్ సంచులు నెత్తిన కప్పుకొని కూర్చున్నారు. ఆ షరతు తీసేస్తామని అప్పుడు ప్రభుత్వం మాట ఇచ్చింది. మంచిదే. మనం మాత్రం మాటను మాటగా కాదు, అచ్చయిన ఉత్తర్వుగా చూసేదాకా అడుగుతూనే ఉండాలి.

ముంబయిలో ఇవ్వడం సాధ్యం కాదంటారు గనుక ఈ ఒక్క సంగతి కూడా వినండి. మన పక్కనే వర్లీ బి.డి.డి. చాళ్లున్నాయి కదా, 1920ల నాటివి. 160 అడుగుల గదిలో ఉన్నవాళ్లకు అదే జాగాలో 500 చదరపు అడుగుల ఇల్లు, డబ్బు కట్టకుండా. 2025 ఆగస్టు 14న మొదటి 556 కుటుంబాలకు తాళాలు ఇచ్చారు. కట్టించింది ఎవరు? అదే మ్హాడా. వాళ్లకు వచ్చినందుకు మనకు సంతోషమే, అందులో మన మిల్లువాళ్లూ ఉన్నారు. కానీ వర్లీలో వీలైనది వర్లీ మిల్లు కార్మికుడి దగ్గరికి వచ్చేసరికి వీలుకాదనడం ఎలా? నగరంలో ఇంకా కట్టని మిల్లు జాగాలున్నాయి, ప్రభుత్వ జాగాలున్నాయి. ముందు వాటి జాబితా బయట పెట్టండి, తర్వాత రైలెక్కమనండి. మన కోరిక ఇంతే.

ఇక కాగితాలు. ఇది మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. 2023 సెప్టెంబర్ నుంచి మ్హాడా అర్హత పరిశీలన చేస్తున్నది. 1982 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ మిల్లు మస్టర్‌లో పేరున్నవారు, లేదా వారి వారసులు అర్హులు. రుజువుగా గుర్తింపు కార్డు, టికెట్ నంబర్, లాల్ పాస్, ఇ.ఎస్.ఐ. నంబర్, పి.ఎఫ్. నంబర్, హాజరు పత్రం, గ్రాట్యుటీ కాగితం, జీతం చిట్టీ, ఇలాంటివి అడుగుతారు. మరాఠీ సోదరుల దగ్గరా మన దగ్గరా ఇవే ఉంటాయి. మనవాళ్లవే ఎక్కువగా ఎందుకు ఆగిపోతున్నాయి?

పేరు దగ్గర ఆగిపోతున్నాయి. మనకు ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. ఇక్కడి పద్ధతిలో సొంత పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు. కరీంనగర్ నుంచో నల్లగొండ నుంచో వచ్చిన రాజయ్య అనే మనిషిని అనుకోండి. జాబర్ వెంట పోయి గేటులో నిలబడ్డాడు. గుమాస్తా పేరడిగాడు, రాజయ్య అన్నాడు. తండ్రి పేరు మల్లయ్య అన్నాడు. గుమాస్తా రాజన్న మల్లన్న అని రాసుకున్నాడు. ఇంటిపేరు అడగలేదు, అడిగినా తనకు నోరు తిరగలేదు, కులం పేరో ఊరి పేరో పెట్టేశాడు. పి.ఎఫ్. కార్డులో రాజు అయ్యాడు. ముప్ఫై ఏళ్ల తర్వాత ఊళ్లో ఆధార్ తీస్తే ఇంటిపేరుతో మొదలైంది. ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడికి ముగ్గురు మనుషులు కనిపిస్తారు. ఒక్కడే మనిషి, ఒక్కటే చెమట!

బదిలీ కార్మికుల పని ఇంకా కష్టం. పాళీ దొరికిన రోజే హాజరు, లేని రోజు లేదు. కొందరికి ఇ.ఎస్.ఐ. కార్డు తప్ప ఏమీ మిగలలేదు. ఆ ఒక్క కార్డునూ చిన్నదిగా చూడకండి. దాని మీద నంబర్ ఉంటే వెతకడానికి దారి ఉంటుంది.

పోయినవారి వారసుల సంగతి. సిరిసిల్లలోనో ఊళ్లోనో ఉన్న తల్లికి తెలియకుండా పెద్దకొడుకు తన ఒక్కడి పేరు పెట్టుకొని దరఖాస్తు వేసిన ఇళ్లు మనలో ఉన్నాయి. నేను పేర్లు చెప్పను, మీకు తెలుసు. భార్య, కొడుకులు, కూతుళ్లు అందరూ వారసులే. పెళ్లయి పోయింది కదా అని బిడ్డ పేరు దాస్తే ఆమె అల్లుడితో కలిసి రేపు అభ్యంతరం పెట్టినప్పుడు ఇల్లు ఎవరికీ రాదు, ఫైలు ఆగుతుంది. ముందే ఇంట్లో కూర్చొని మాట్లాడుకోండి, ఎవరి పేరు మీద పెట్టాలో అందరి సంతకాలతో తేల్చుకోండి. ఇది కోర్టుకు పోయే విషయమైతే వకీలును సంఘం చూస్తుంది.

ఇంకో మాట. చాళ్లలో ఏజెంట్లు తిరుగుతున్నారు. లాటరీలో పేరు వేయిస్తాం, పదివేలు ఇవ్వండి, అసలు కాగితాలు ఇవ్వండి అంటున్నారు. లాల్ పాస్ ఒకసారి చేయి దాటితే మళ్లీ మీకు ఎవరిస్తారు? మిల్లా ఇస్తుంది? అక్కడ ఇప్పుడు బట్టల షోరూం ఉంది. అసలు కాగితం ఎవరికీ ఇవ్వకండి, సంఘానికి కూడా ఇవ్వకండి. జిరాక్సు మాత్రమే తెండి.

వచ్చే నాలుగు ఆదివారాలూ ఈ హాల్లోనే కాగితాలు చూస్తాం. మిల్లు పేరు, ఖాతా, టికెట్ నంబర్, ఏ ఏడు చేరారు, ఏ ఏడు మానేశారు, ఇవి ఒక కాగితం మీద రాసి తెండి. రాయడం రాకపోతే చెప్పండి, మా కుర్రాళ్లు రాస్తారు. పేరు తేడా ఉన్నవాళ్లకు ఈ పేర్లన్నీ ఒక్క మనిషివే అని చెప్పే అఫిడవిట్ మరాఠీలో తయారుచేసి పెట్టాం. ఊళ్లో ఉన్న బంధువులకు ఈ రాత్రే ఫోన్ చేయండి, ట్రంకు పెట్టెలు, దూలం మీది మూటలు విప్పి చూడమనండి. పేర్లు రాసుకొనే బల్ల తలుపు పక్కన వేశారు. తమ్ముళ్లూ, కాస్త ఆగి ముందు ఆ పెద్ద అమ్మలను పోనివ్వండి, వాళ్లకు మళ్లీ బండి అందాలి.