పొలములోని యంత్రమునకు క్రొత్త పాఠము

నిమ్మనపల్లె ప్రాంతమున టమాటా తోటకు బిందుసేద్యపు నీటిని వేళకు వదలు చిన్న యంత్రమొకటి కలదనుకొందము. దాని నడతను శాసించు ఆజ్ఞావళికే ఫర్మ్‌వేర్ అని పేరు. లోపములు దిద్దిన క్రొత్త ప్రతి ఇంటర్నెట్టునందున్నది; యంత్రమునకు అచ్చటికి దారి లేదు. అట్టియెడ దానిని తీగతో కంప్యూటరునకు కలిపి, కంప్యూటరు దారినే పంచియీయవచ్చును. విండోసులో 1999 నుండి ఈ సౌకర్యము కలదు.

పొలముననుండువాని జాబు ఊరిలోని బంధువు విలాసమునకు వచ్చి వానికి చేరును గదా! అట్లే కంప్యూటరు యంత్రపు కోరికపై తన విలాసమును వ్రాసి పంపి, వచ్చిన బదులును దానికందించును.

అయితే ఒక హెచ్చరిక. ప్రతిని దించుకొనునపుడు ఇంటర్నెట్టు తెగినచో మరల దించుకొనవచ్చును. యంత్రములో వ్రాయునపుడు కరెంటు పోయినచో అది మరల మేల్కొనకపోవచ్చును. కావున ముందు ప్రతిని పూర్తిగా దించుకొని, తయారీదారు ప్రకటించిన సంఖ్యతో సరిచూచి, బ్యాటరీ అండ నుంచుకొని, పిదప వ్రాయింపుడు. పని ముగియగానే పంచిన దారిని మూయుడు. యంత్రము మరల సరిగా నడచుట కన్నులార చూచువరకు తోటకు నీరు కట్టు భారము మనిషిదే.