పొదుపుతో పాటు ఆట కూడా
(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఒక సంఘం లీడరు ప్రసంగం)



మన సంఘాలకు పది సూత్రాలు ఉన్నాయని ట్రైనింగులో చెప్పారు. సమావేశం, పొదుపు, అప్పు, కిస్తీ, పుస్తకాలు - ఈ అయిదూ మనకు నోటికి వచ్చు. వాటి తర్వాత వచ్చేది ఆరోగ్యం. మొదటి అయిదింటికీ లెక్క రాస్తున్నాం. ఆరోగ్యం లెక్క ఏ పుస్తకంలో రాస్తున్నాం అక్కా?

మా సంఘంలో జరిగిన ఒక సంగతి చెబుతాను. ఆమె సరే అన్నాకే చెబుతున్నాను, పేరు మాత్రం చెప్పను. మా సభ్యురాలు ఒకామె భర్త చనిపోయాక మీటింగులకు రావటం మానేసింది. పొదుపు, కిస్తీ మాత్రం ప్రతి నెలా కొడుకు చేత పంపేది. డబ్బులు వస్తున్నాయి గనక మేమేమీ అడగలేదు. అయిదు నెలలు అలాగే గడిచిపోయాయి. కిస్తీ ఒక్క నెల ఆగితే ఇంటికి వెళ్లేవాళ్లం కదా, మనిషి అయిదు నెలలు కనపడకపోతే ఎందుకు వెళ్లలేదు? లీడరుగా ఆ తప్పు నాదే.

ఆ రోజుల్లోనే మేము హైస్కూలు గ్రౌండులో రింగు ఆట మొదలుపెట్టాం. టెన్నికాయిట్ అంటారు, మనలో చాలామందిమి బడిలో ఆడిందే. 40 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు ముగ్గుతో గీతలు గీశాం. నెట్ బదులు ఆరడుగుల ఎత్తున తాడు కట్టాం. రింగును ఒంటి చేత్తో పట్టుకోవాలి, పట్టుకున్న వెంటనే అవతలికి విసరాలి. అంతే ఆట. రెండు రింగులకీ, తాడుకీ తలా 20 రూపాయలు వేసుకున్నాం, పొదుపు డబ్బులు ముట్టుకోలేదు. గ్రామ సంఘంలో తీర్మానం రాసి ఇస్తే, సాయంత్రం ఒక గంట ఆడుకోమని హెడ్మాస్టరు గారు ఒప్పుకున్నారు.

మొదటి వారం నలుగురమే వచ్చాం. గోడ దగ్గర నిలబడి నవ్వినవాళ్లు అంతకంటే ఎక్కువమంది. "పొద్దస్తమానం పొలంలో చేసింది చాలదా, మళ్లీ ఈ గెంతులేంటే?" అని మా అత్తమ్మే అంది. ఆమె మాటలో నిజం లేకపోలేదు. పనిలో కూడా ఒళ్లు కదులుతుంది. కానీ కలుపు తీస్తే నడుం వంగే ఉంటుంది, మిషను కుడితే మెడ వంగే ఉంటుంది. ఆటలో చేతులు పైకి లేస్తాయి, కాళ్లు నాలుగు వైపులా తిరుగుతాయి. పైగా పని చేస్తున్నంతసేపూ అప్పు, పిల్లల ఫీజు బుర్రలో తిరుగుతూనే ఉంటాయి. రింగు మీదకి వస్తుంటే ఇంకో ధ్యాస ఉండదు. ఆ గంట మనది.

తర్వాత ఆమె ఇంటికి వెళ్లి పిలిచాం. కొన్నాళ్లు బయట పడ్డ రింగులు ఏరి ఇచ్చేది, అంతే. మేమూ బలవంతపెట్టలేదు. ఒకరోజు జోడీకి ఒకరు తక్కువైతే తనే కొంగు దోపుకుని గీత లోపలికి వచ్చింది. ఆ సాయంత్రం ఇంటికి పోతూ దారిలో చెప్పింది, నెలల తరబడి నిద్ర లేదని, బతకాలని లేదని. తెల్లారి ఇద్దరం తోడుగా వెళ్లి ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించాం. మందులు వాడింది, ఇప్పుడు కుదుటపడింది. ఆట వల్లే తగ్గిందని నేను చెప్పను. ఆట లేకపోతే ఆ మాట మాదాకా వచ్చేది కాదని మాత్రం చెబుతాను.

మీ ఊళ్లో ఎవరికైనా ఇలా ఉంటే 14416కి ఫోన్ చెయ్యండి. అది టెలి మానస్, ప్రభుత్వానిదే, డబ్బులు పడవు, రాత్రి పూట అయినా తెలుగులో మాట్లాడతారు.

మొదలుపెట్టే వాళ్లకు కొన్ని జాగ్రత్తలు. వారానికి 150 నిమిషాలు ఒళ్లు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అంటే అయిదు రోజులు, రోజుకు అరగంట. మొదటి రోజే అంతా చెయ్యొద్దు, పది నిమిషాలతో మొదలెట్టండి. బీపీ, షుగరు ముందే చూపించుకోండి. గర్భిణులు, ఆపరేషన్ అయినవాళ్లు డాక్టరును అడిగాకే రావాలి. గెంతితే మూత్రం జారుతుందని కొందరు సిగ్గుపడి మానేస్తున్నారు. అది చాలామందికి ఉండేదే, దానికి వ్యాయామాలు, వైద్యం ఉన్నాయి. ఏఎన్ఎం అమ్మను అడగండి.

చివరిగా ఒక్క మనవి. ప్రతి గ్రామ సంఘం వారానికి రెండు సాయంత్రాలైనా ఆటకు పెట్టాలని ఈ సభలో తీర్మానం చేద్దాం. రింగు కాకపోతే ఖోఖో, అదీ కాకపోతే అందరం కలిసి నడక. మీటింగులో హాజరు వేసేటప్పుడు, రాని మనిషి డబ్బు పంపినా సరే, "ఎందుకు రాలేదు, ఎవరు వెళ్లి చూశారు" అని మినిట్స్ పుస్తకంలో ఒక్క లైను రాద్దాం.