బడి గుమ్మము నొద్ద



మా అబ్బాయికి ఆటిజం గలదు. ఆరేండ్లప్పుడు బడిలో చేర్చబోతే, "వీడు కుదురుగా కూర్చోడు, తీసుకొని పొండి" అన్నారు. వాని చేయి పట్టుకొని తిరిగి వచ్చితిమి. మా పెంపకమే లోపమనుకొంటిమి. కాదని తరువాత తెలిసినది.

1995 నాటి వికలాంగుల చట్టములో ఆటిజం పేరే లేదు. తలిదండ్రులు పట్టు విడువక అడుగగా, 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టములో చేరినది. 2016 నాటి చట్టము, 40 శాతము వైకల్యము ధ్రువపడిన బిడ్డకు 6 మొదలు 18 ఏండ్ల వరకు ఉచిత విద్య హక్కని చెప్పుచున్నది.

కావున దయ అడుగవద్దు, హక్కు అడుగుడి. అర్జీ వ్రాసి యిచ్చి, నకలు దాచుకొనుడి. మన సంఘములో అట్టి బిడ్డ తల్లి బడికి వెళ్లునప్పుడు మనలో ఇద్దరైనను వెంట నడువవలెను. ఆ దినమున మా వెంట ఎవరును రాలేదు.